మత్వేయ్ బ్రోన్‌స్టెయిన్

క్రీ. శ. 1868 వ సంవత్సరము ఆగస్టు 18 వ తేదీని గుంటూరు పట్టణమున సంపూర్ణ సూర్యగ్రహణము గోచరించెను. దానిని పరిశీలించుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సముద్రముదాటి వచ్చి, తన దూరదర్శినికి వర్ణపటదర్శకయంత్రమును తగిలించుకొని సిద్ధముగా నుండెను. బందరునందు మదరాసు వేధశాలకు చెందిన పాగ్సన్ దొరయు అట్లే కాచుకొనియుండెను. సూర్యబింబము మరుగుపడిన ఆ కొలది నిమిషములలో, బింబపుటంచున నెగయు జ్వాలల వెలుగు తళతళలాడు గీతలుగా విడివడుట చూపరులకు కానవచ్చెను. అందొక పసుపు గీత యుండెను. అది మనము వాడు ఉప్పునందలి సోడియము గీతకు మిక్కిలి చేరువదియే కాని, ఆ గీత కాదని కొలది మాసములలోనే తేలెను. భూమిమీద నాటికి తెలిసిన ఏ పదార్థమును అట్టి గీత నొసగదు. ఇంగ్లండున లాకియర్ అను శాస్త్రజ్ఞుడు, అది సూర్యునియందు గల యొక క్రొత్త పదార్థమని నిశ్చయించుకొనెను. గ్రీకు భాషలో సూర్యునకు హీలియోస్ అని పేరు. దానిబట్టి ఆ పదార్థమునకు హీలియము అను పేరు కలిగెను. 27 సంవత్సరములు గడచిన పిమ్మట, 1895 లో, రామ్‌సే అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక ఖనిజమును ఆమ్లముతో కాచి, అందుండి వెలువడిన వాయువునందు అదే పసుపు గీతను చూచెను. సూర్యునిలో ముందు దొరకి, భూమిమీద తరువాత దొరకిన పదార్థ మిదియొక్కటియే.

తరగతిలో ఈ పాఠము చెప్పునపుడు గుంటూరు పేరు రాగానే వెనుకబల్లలవారు సైతము తల యెత్తుదురు. ఈ కథను బాలబాలికలకొరకు మిక్కిలి సొంపుగా చెప్పిన చిన్న గ్రంథమొకటి రష్యను భాషలో నున్నది. దాని పేరు సూర్యపదార్థము. అది 1936 లో లెనిన్‌గ్రాడ్ నగరమున ప్రకటింపబడెను. దానిని వ్రాసిన మత్వేయ్ పెత్రోవిచ్ బ్రోన్‌స్టెయిన్‌కు అప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. ఆ సంవత్సరమే ఆయన మరియొక రచనను వెలువరించెను. అది పిల్లలకై వ్రాసినది కాదు. పెద్దలలోను బహు కొలదిమందికే బోధపడునది. గురుత్వాకర్షణమును క్వాంటము సిద్ధాంతమును ఒకచోట చేర్పబోయిన ఎట్టి యడ్డంకి యెదురగునో ఆయన అందు చూపెను. కృష్ణబిలములనుండి వెలువడు కిరణములనుగూర్చి నేడు విద్వాంసులు తలలు బ్రద్దలుకొట్టుకొనుచున్న చిక్కునకు వ్రేళ్లు ఆ రచనలో నున్నవి. అది వెలువడి రెండేండ్లు తిరుగకమునుపే ఆయనను తన దేశప్రభుత్వమే కాల్చి చంపెను. ఆయన చరిత్రము మన పిల్లలు తెలిసికొనదగినదని తలచి ఇచ్చట వ్రాయుచున్నాను.

బ్రోన్‌స్టెయిన్ 1906 డిసెంబరు 2 వ తేదీని విన్నిత్స పట్టణమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. అది నాడు రష్యా చక్రవర్తి యేలుబడిలోనిది. ఇప్పుడు ఉక్రెయిను దేశమునకు చెందినది. తండ్రి వైద్యుడు. మత్వేయ్‌తో కూడ ఒకే కాన్పున ఇసిడోరు అను సోదరుడు పుట్టెను. వీరికి పెద్దదగు నొక అక్క గలదు. మొదటి ప్రపంచయుద్ధము వచ్చినపుడు తండ్రి సైన్యమునకు వైద్యుడుగా పోవలసివచ్చెను. కుటుంబము కీవు నగరము చేరెను. యుద్ధము ముగియకమునుపే విప్లవము, దాని వెన్నంటి అంతఃకలహము వచ్చెను. ఆ రెండుమూడేండ్లలో కీవు నగరము ఎన్ని మారులు చేతులు మారెనో లెక్కించుటయే కష్టము. అట్టి దినములలో పిల్లల చదువు క్రమముగా సాగుట కల్ల. మత్వేయ్ దొరకిన పుస్తకమునెల్ల చదివెను. గణితమును, భాషలను, భౌతికశాస్త్రమును చాలవరకు తనంతట తానే నేర్చుకొనెను. ఆ పిమ్మట కీవు విశ్వవిద్యాలయమున తర్తకోవ్‌స్కీ అను పండితుడు భౌతికశాస్త్రాభిమానులకై నడుపుచుండిన చిన్న బృందమున చేరెను. అచ్చట ఆయన ప్రజ్ఞ బయటపడెను. 1925 లో, పందొమ్మిదవ యేడు నడచుచుండగా, ఎక్సుకిరణములనుగూర్చి ఆయన వ్రాసిన మొదటి శాస్త్రవ్యాసము అచ్చయ్యెను. విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరినది ఆ మరుసటి సంవత్సరము! ముందు పరిశోధకుడై, తరువాత విద్యార్థియైన వాడన్నమాట.

1926 లో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయమున చేరిన యీ యువకునకు చక్కని స్నేహితులు దొరకిరి. గామోవ్, లాండావు, ఇవానెంకో అను మువ్వురు విద్యార్థులు అచ్చట నొక గుంపుగా నుండిరి. తమకు తాము జాజ్ బ్యాండు అని పేరు పెట్టుకొనిరి. చదువులో అగ్రగణ్యులు, అల్లరిలో అంతకు తక్కువవారు కారు. కొంటె పద్యములల్లుట, పెద్దలను ఎగతాళిచేయు వ్రాతలు వ్రాయుట, రాత్రింబగళ్లు క్వాంటము శాస్త్రమును చర్చించుట వారి పని. ఐరోపాలో క్వాంటము యాంత్రికశాస్త్రము అప్పుడప్పుడే రూపుదాల్చుచున్నది. ప్రతి మాసము క్రొత్త వార్త వచ్చుచుండెను. కండ్లద్దములు పెట్టుకొని, మెల్లగా మాటలాడుచు, కవిత్వమన్నను చరిత్రయన్నను ప్రాణమిచ్చు మత్వేయ్‌ను వారు తమలో చేర్చుకొని మఠాధిపతి యని ముద్దుపేరు పెట్టిరి. గామోవ్ 1933 లో స్వదేశము విడిచిపోయి, అమెరికాలో పేరుగాంచెను. లాండావు 1962 లో నోబెల్ బహుమానము పొందెను. మఠాధిపతికి అంత ఆయువు లేకపోయెను.

1930 లో చదువు ముగించి ఆయన యోఫె పండితుని ఆధ్వర్యవమున నున్న లెనిన్‌గ్రాడ్ భౌతిక సాంకేతిక పరిశోధనాలయమున పనిలో కుదిరెను. అప్పటికే నక్షత్రముల పైపొరలలో వెలుగును వేడిమియు ఎట్లు సమతూకమున నుండునో లెక్కగట్టి పేరుతెచ్చుకొనెను. నక్షత్రపు వెలిపొర ఉష్ణోగ్రతను చెప్పు ఆ లెక్క నేటికిని హాఫ్ పేరితోను ఆయన పేరితోను జంటగా వ్యవహరింపబడుచున్నది. విద్యుత్తును కొంచెముగా పోనిచ్చు అర్ధవాహకములనుగూర్చి వ్రాసెను. విశ్వము విస్తరించుటనుగూర్చి వ్రాసెను. డిరాక్ పండితుని క్వాంటము గ్రంథమును రష్యను భాషలోనికి మార్చెను. అన్నియు సరిగానే చేసెనని చెప్పరాదు. నక్షత్రముల నడుమ శక్తినిత్యత్వ సూత్రము భంగపడునేమో యని నీల్స్ బోర్ ఊహింపగా, కొంతకాలము ఈయనయు ఆ త్రోవనే నడచెను. ఆ యూహ నిలువలేదు. కాని దూరపు నక్షత్రమండలముల వెలుగు ఎఱ్ఱబారుట, వెలుగు త్రోవలో అలసి కృశించుటవలననని కొందరు చెప్పుచుండగా, వెలుగుకణము తనంతట తాను చీలి క్షీణింపజాలదని ఆయన లెక్కచేసి చూపినది నిలిచినది.

ఇక ముఖ్యవిషయమునకు వచ్చెదను. అప్పటికి భౌతికశాస్త్రమున రెండు మహాసిద్ధాంతము లుండెను. 1915 లో ఐన్‌స్టయిన్ చెప్పిన దొకటి: గురుత్వాకర్షణమనునది స్థలకాలముల వంపేగాని వేరొక బలము కాదు. రెండవది క్వాంటము సిద్ధాంతము: పరమాణువుల లోకమున శక్తి ధారగాకాక తునుకలుగా వచ్చిపోవును, ఏ కొలతయందును కొంత అనిశ్చయము తప్పదు. మొదటిది గ్రహములకు, నక్షత్రములకు, రెండవది పరమాణువులకు. ఒకటి యున్నచోట రెండవదానితో పనిలేదు గనుక తగవు రాలేదు. ఎప్పటికైనను రెంటిని కలుపవలసియుండునని ఐన్‌స్టయిన్ 1916 లోనే గుర్తించెను. కాని విద్యుదయస్కాంత తరంగములను క్వాంటము పద్ధతికి లోబరచినట్లే దీనిని లోబరచవచ్చునని, అది తీరికగా చేసికొనదగిన పని యని పలువురు తలచుచుండిరి.

బ్రోన్‌స్టెయిన్ ఆ పని నిజముగా చేసి చూచెను. 1935 నవంబరులో పండిత పదవికై ఆయన సమర్పించిన సిద్ధాంతగ్రంథ మిదియే. ఫోక్, తామ్ అను ప్రసిద్ధులు దానిని పరీక్షించిరి. బలహీనములగు గురుత్వ తరంగములను తీసికొని, వానిని క్వాంటము నియమముల ననుసరించి తునుకలుగా విభజించెను. నేడు అట్టి తునుకను గ్రావిటాను అందురు. రెండు బరువులు ఈ తునుకల నిచ్చిపుచ్చుకొనునని లెక్కించగా, మనకు తెలిసిన న్యూటను సూత్రమే తిరిగి వచ్చెను. తరంగములవలన వస్తువు పోగొట్టుకొను శక్తి ఐన్‌స్టయిన్ చెప్పినంతయే వచ్చెను. లెక్క సరిపోయినది. మరియొకరైనచో ఇంతటితో కలము క్రింద పెట్టి పట్టము పుచ్చుకొని ఇంటికి పోయియుందురు.

ఆయన మరియొక ప్రశ్న వేసికొనెను. చాల చిన్న చోటులోని గురుత్వబలమును అసలు కొలుచుట యెట్లు? కొలుచుటకు అచ్చట నొక చిన్న వస్తువు నుంచి, అది యెంత కదలునో చూడవలెను. వస్తువు మరీ తేలికయైనచో క్వాంటము అనిశ్చయమువలన అది తనంతట తానే తడబడును, కొలత చెడును. కనుక దానిని బరువుగా చేయవలెను. విద్యుత్తు విషయమున నైనచో ఇందు చిక్కులేదు. పరీక్షకై యుంచు వస్తువును ఎంత బరువుగ నైనను చేసికొనవచ్చునని బోర్, రోజెన్‌ఫెల్డ్ అను వారు 1933 లో చూపియుండిరి. గురుత్వము సంగతి వేరు. ఇచ్చట బరువే బలమునకు మూలము. వస్తువు బరువెక్కినకొలది అది తన చుట్టునున్న స్థలమును తానే వంచివేయును. చిన్న గిన్నెలోని నీటి లోతు చూచుటకు రోకలిని దించినట్లే. నీరు పొర్లిపోవును, కొలత దక్కదు. అంతేకాదు, ఏ బరువునకైనను గురుత్వ వ్యాసార్ధమని యొక హద్దు గలదు. సూర్యుని బరువునకు అది 3 కిలోమీటర్లు. భూమి బరువునకు 9 మిల్లీమీటర్లు. వస్తువును తన హద్దుకంటె చిన్నదిగా కుదించితిమా, దానినుండి ఏ వార్తయు వెలికి రాదు. చిన్న చోటు కొలువవలెనన్న వస్తువు చిన్నది కావలెను. తడబడకుండవలెనన్న బరువుది కావలెను. రెండును కూడినచో అది తన్ను తానే మ్రింగుకొనును. కాబట్టి ఒక మేరకు మించి గురుత్వమును కొలుచుటకే వీలులేదనియు, స్థలకాలములనుగూర్చి మనమిప్పుడు వాడు భావములనే విడిచి లోతైన వేరుభావములను వెదుకవలసివచ్చుననియు ఆయన తేల్చెను. తాను కట్టిన యింటి పునాది ఎచ్చట ముగియునో తానే వ్రేలుపెట్టి చూపెను. నాకు ఆయనయందు గౌరవము కలిగించినది ముఖ్యముగా నిదియే.

ఆ మేర యెంత చిన్నదో అంకెలలో చెప్పెదను. 1 తరువాత 35 సున్నలు గల సంఖ్యతో ఒక మీటరును భాగించినచో దాదాపు ఆ పొడుగు వచ్చును. దానిని ప్లాంకు పొడుగందురు. అంత చిన్నదానితో మనకేమి పని యని అడుగవచ్చును. దాని జవాబు ఆయన బ్రతికియున్న దినములలో రాలేదు. కృష్ణబిలమను పేరే అప్పటికి లేదు. అది వాడుకలోనికి వచ్చినది 1967 తరువాత. తన గురుత్వ వ్యాసార్ధము లోపలికి కుదించుకొనిపోయిన నక్షత్రమునకు ఆ పేరు. దానినుండి వెలుగైనను తప్పించుకొనలేదని చాలకాలము నమ్మియుండిరి. 1974 లో ఇంగ్లండున స్టీఫెన్ హాకింగ్ క్వాంటము నియమములను దానికి అన్వయించి, అది కొంచెముగా వేడిగల వస్తువువలె కిరణములను వెలువరించునని లెక్కతేల్చెను. బెకెన్‌స్టెయిన్ అను యువకుడు అంతకుమునుపే, బిలపు ఉపరితల విస్తీర్ణము వేడిమిశాస్త్రములోని ఎంట్రోపియను రాశికి సాటియని చెప్పియుండెను. హాకింగ్ లెక్కతో ఆ మాటకు బలము వచ్చెను.

ఆ వేడిమి అత్యల్పము. సూర్యునంత బరువుగల బిలమునకు, ఒక డిగ్రీని కోటి అరువది లక్షల భాగములు చేసినచో అందొక భాగముమాత్రమే. ఆకాశమంతట నిండియున్న పురాతనపు వెలుగు వేడిమియే పరమశూన్యముకంటె 2.7 డిగ్రీలు హెచ్చు. కావున అట్టి బిలము ఇచ్చుదానికంటె పుచ్చుకొనునదే యెక్కువ. ఈ కారణముచేత హాకింగ్ కిరణములను నేటివరకు ఆకాశమున ఎవరును చూచియుండలేదు. అయితే ఇందొక వింత గలదు. వెలువరించినకొలది బిలము తేలికపడును; తేలికపడినకొలది మరింత వేడెక్కును; వేడెక్కినకొలది మరింత త్వరగా కరగును. విశ్వము పుట్టినపుడే సుమారు 50 వేలకోట్ల కిలోగ్రాముల బరువుతో, అనగా నొక కొండంత బరువు ఒక ప్రోటానంత చోటున ఇమిడి, చిన్న బిలము లేర్పడియున్నచో, ఆ 1380 కోట్ల యేండ్లనాటివి ఇప్పుడు కరగుట ముగించుచు పేలిపోవుచుండవలెను. వెదకిరి, కానరాలేదు.

బ్రోన్‌స్టెయిన్ చూపిన అడ్డంకి ఇచ్చట ఎదురుపడును. హాకింగ్ తన లెక్కలో వెలుగును మాత్రమే క్వాంటము పద్ధతిని చూచెను. స్థలకాలములను ఐన్‌స్టయిన్ చెప్పినట్లే నునుపుగా నుంచెను. బిలము పెద్దదిగా నున్నంతకాలము అది చెల్లును. కరగి కరగి దాని బరువు ఒక మిల్లీగ్రాములో సుమారు 45 వ వంతుకు వచ్చినపుడు, దాని వ్యాసార్ధము ప్లాంకు పొడుగంతయే యగును. అచ్చట నునుపైన స్థలమను మాటకే అర్థము లేదు. 1936 నాటి వ్యాసమున కొలుచు వస్తువునకు పట్టిన గతియే ఇచ్చట బిలమునకును పట్టినది. అటుపిమ్మట నేమగును? బిలము పూర్తిగా మాయమగునా, ఒక రేణువు మిగిలిపోవునా, అందు పడిన వస్తువుల వివరము కిరణములతో బయటికి వచ్చునా, నశించునా? వివరము నశించునని హాకింగ్ 1976 లో వాదించి, 2004 లో ఆ వాదమును విడిచెను. వివరము తిరిగి వచ్చునని చూపు లెక్కలు 2019 నుండి బలపడినవి. కాని వచ్చు త్రోవ యెట్టిదో తేటపడలేదు.

పెద్ద బిలముల విషయమునను చిక్కు లేకపోలేదు. మనకు చేరు కిరణమును వెనుకకు తరిమికొనిపోయినచో, బిలపుటంచు చెంత దాని తరంగము ప్లాంకు పొడుగుకంటెను చిన్నదిగా నుండినదని లెక్క చెప్పును. అనగా కిరణము పుట్టినదే మనకు తెలియని సీమలో. నీటి ప్రవాహమున శబ్దతరంగములు పోవు తీరుతో పోల్చి ఉన్రూ మొదలగువారు లెక్కించగా, ఆ సీమలో నియమములు మారినను వెలికివచ్చు వేడిమి అంతగా మారదని తేలెను. మరియొక యూహ నాకు మిక్కిలి నచ్చినది. బిలపు ఉపరితలము కూడ తునుకలుగానే పెరుగుచు తరుగుచు నున్నచో, దాని కిరణములు ఎడతెగని వర్ణపటముగా గాక విడివిడి గీతలుగా నుండవలెనని బెకెన్‌స్టెయిన్, ముఖానోవ్ అనువారు 1995 లో చెప్పిరి. గుంటూరున గ్రహణము నాడు కనబడినవియు గీతలే. ఈ గీతలు ఎన్నడైన కనబడినచో, గురుత్వమునకును తునుకలున్నవని అవే సాక్ష్యము పలుకును.

ఇంత కఠినవిషయము వ్రాసిన చేతితోనే ఆయన పిల్లల పుస్తకములు వ్రాసెను. లెనిన్‌గ్రాడ్‌లో సమూయిల్ మార్షాక్ అను కవి బాలసాహిత్య ప్రచురణశాలను నడుపుచుండెను. అచ్చట సంపాదకురాలుగా పనిచేయుచుండిన లిడియా చుకోవ్‌స్కయాను బ్రోన్‌స్టెయిన్ వివాహమాడెను. ఆమె ప్రసిద్ధ బాలకవి కొర్నేయ్ చుకోవ్‌స్కీ కుమార్తె. ఆమె మొదటి వివాహమువలన కలిగిన చిన్న కూతురును ఆయన సొంత బిడ్డవలె చూచుకొనెను. సూర్యపదార్థము ఒక్కపట్టున వచ్చినది కాదు. శాస్త్రజ్ఞుల మధ్య వ్రాయుట కలవాటుపడిన కలము పిల్లల యెదుట మొరాయించెను. వ్రాసినది చాలమారులు కొట్టివేసి తిరుగ వ్రాసెను. తుదకు, నోటితో కథ చెప్పునపుడు ఎట్లు చెప్పునో అట్లే వ్రాయుమని మార్షాక్ పట్టుపట్టగా దారి దొరకెను. ఏ సంగతియు తెలిసిపోయినట్లు చెప్పక, జాన్సెన్ ఏమి చూచెను, ఏమి అనుమానించెను, లాకియర్ ఎచ్చట తికమకపడెను అని అడుగుడుగున పాఠకుని వెంటబెట్టుకొనిపోవు పద్ధతి అది. మన పాఠ్యపుస్తకములు వ్రాయువారు ఈ పద్ధతిని కొంచెము అలవరచుకొన్న, ఉపాధ్యాయుల ప్రాణములు సుఖపడును! తరువాత ఎక్సుకిరణములనుగూర్చి ఒక పుస్తకమును, రేడియో కనుగొన్నవారినిగూర్చి మరియొకదానిని ఆయన వ్రాసెను. కడపటిది ఒక బాలపత్రికలో వచ్చినదేకాని, ఆయన బ్రతికియుండగా పుస్తకముగా వెలువడలేదు.

1937 వచ్చెను. స్టాలిను ప్రభుత్వము తన ప్రజలపైననే పగబట్టిన సంవత్సర మది. 1937, 1938 ఈ రెండేండ్లలో సుమారు 6 లక్షల 80 వేలమందికి మరణశిక్ష విధించి కాల్చి చంపినట్లు ఆ ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. బ్రోన్‌స్టెయిన్ వేసవి సెలవులలో తలిదండ్రులను చూచుటకై కీవునకు పోయియుండెను. ఆగస్టు 6 వ తేదీని ఆయనను అచ్చటనే నిర్బంధించిరి. రాజద్రోహులగు భీకరకృత్యకారుల సంఘమున చేరెనని నేరము మోపిరి. స్టాలిను ప్రబలశత్రువగు త్రోత్‌స్కీ పుట్టుపేరును బ్రోన్‌స్టెయినే. వీరిరువురికి చుట్టరిక మేమియు లేదు. ఆ పేరే ఆయన ప్రాణము తీసెనని కొందరందురు. నేనట్లనుకొనను. ఆ దినములలో ఏ పేరు గలవానికిని రక్షణ లేకుండెను. మరుసటి యేడు లాండావును పట్టుకొని ఒక సంవత్సరము చెఱలో నుంచిరి.

1938 ఫిబ్రవరి 18 వ తేదీని లెనిన్‌గ్రాడ్‌లో సైనికన్యాయస్థానము ఆయన విషయమును కొలది నిమిషములలో ముగించెను. ఆనాడే కాల్చి చంపిరి. ఆయన వయస్సు 31 సంవత్సరములు.

భార్యకు ఈ సంగతి చెప్పలేదు. ఉత్తరములు వ్రాసికొను హక్కు లేకుండ పదియేండ్ల శిక్ష విధింపబడినదని మాత్రము చెప్పిరి. అట్టి మాటకు అర్థము మరణమని ఆ కాలమున సామాన్యజనులకు తెలియదు. ఆమె నెలలతరబడి కార్యాలయముల కిటికీలయొద్ద వందలకొలది స్త్రీలతో కూడ వరుసలలో నిలుచుండెను. శిక్షింపబడినవారి భార్యలనుకూడ పట్టుకొనిపోవుచుండిరి గనుక కొంతకాలము ఆ నగరమే విడిచి తిరుగవలసివచ్చెను. పెద్దపేరుగల శాస్త్రజ్ఞులును రచయితలును ఆయన విషయమును తిరిగి విచారింపుడని అధికారులకు వ్రాసిరి. వారు వ్రాయునప్పటికి ఆయన లేడు. మరణవార్త ఆమెకు చేరుటకు దాదాపు రెండేండ్లు పట్టెను. ఆయన పుస్తకములను గ్రంథాలయములనుండి తొలగించిరి.

ఆమె 1939, 1940 సంవత్సరముల చలికాలమున ఒక బడిపిల్లల నోటుపుస్తకములో రహస్యముగా ఒక నవలిక వ్రాసెను. నిర్దోషియగు కొడుకును ప్రభుత్వము పట్టుకొనిపోగా తల్లి పడిన బాధ అందలి కథ. సోఫియా పెత్రోవ్నా అను ఆ నవలిక ఆమె స్వదేశమున అచ్చగుటకు 1988 వరకు ఆగవలసివచ్చెను. ఆ నోటుపుస్తకము ఎవరి కంటనైన పడియున్నచో ఆమెయు మిగిలియుండెడిది కాదు.

స్టాలిను మరణానంతరము, 1957 లో, బ్రోన్‌స్టెయిన్ ఏ నేరమును చేయలేదని ప్రభుత్వము ఒప్పుకొనెను. 1959 లో సూర్యపదార్థము మరల అచ్చయ్యెను. దానికి లాండావు తొలిపలుకు వ్రాసెను. గుంటూరు గ్రహణము నాటి కథ మరల రష్యను పిల్లల చేతికి వచ్చెను. 1936 నాటి వ్యాసమును మాత్రము భౌతికశాస్త్రజ్ఞులు వెదకి చదువుటకు మరికొన్ని సంవత్సరములు పట్టెను. ఆయన జీవితచరిత్రము 1990 లోగాని వెలువడలేదు. గురుత్వ తరంగములు 2015 సెప్టెంబరు 14 వ తేదీని మొదటిసారి యంత్రములకు చిక్కినవి. ఆయన లెక్కగట్టిన తునుక, అనగా గ్రావిటాను, నేటికిని ఎవరికిని చిక్కలేదు.

నిర్దోషియని తేలినపుడు లిడియా చుకోవ్‌స్కయాకు భర్త మరణపత్రము నిచ్చిరి. అందు పేరుగలదు, తేదీగలదు. మరణకారణము అనుచోట నొక అడ్డగీతయు, మరణించిన స్థలము అనుచోట మరియొక అడ్డగీతయు నుండెను. లెనిన్‌గ్రాడ్ దాపున లెవషోవో అను అడవిలో ఆ కాలమున చంపబడిన వేలమందిని పాతిపెట్టిన తావు తరువాత బయటపడెను. ఆయన పేర అచ్చట నొక స్మారకశిల నుంచిరి. చుకోవ్‌స్కయా తన కడపటి సంవత్సరములలో భర్తనుగూర్చి ఒక గ్రంథము వ్రాయుచు, ముగింపకయే 1996 లో మరణించెను. అటుతరువాత అచ్చయిన ఆ గ్రంథమునకు ఆమె పెట్టిన పేరు అడ్డగీత.